ఎవరూ తరమకుండానే పరుగెత్తేవారి గురించి పిల్లలకు ఉత్తరం

పర్లాకిమిడి,
మార్గశిర బహుళ పక్షం.

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. రాయగడలో తెల్లవారుజామున పొగమంచు ఎదురింటి గేటును కూడా కనపడనివ్వడం లేదనీ, అమ్మ స్వెట్టర్లు బయటికి తీసిందనీ రాశారు. ఉత్తరం చివర, కాగితం మడిచే ముందు ఇరికించినట్టుగా, బుల్లెమ్మ ఒక ప్రశ్న రాసింది: "తాతయ్యా, ఎదురింటి బ్యాంకు అంకుల్‌గారు రోజూ ఆ మంచులోనే పరుగెత్తుతారు. వెనక ఎవరూ తరమడం లేదు, ముందు బస్సూ లేదు. ఎక్కడికీ చేరరు, తిరిగి ఇంటికే వస్తారు. మరి ఎందుకు?" బాబు దాని కింద పెన్సిలుతో "ఒళ్ళు తగ్గడానికి" అని జవాబు రాసి, మళ్ళీ తానే కొట్టివేశాడు. ఆ కొట్టివేత నాకు నచ్చింది. రాసిన జవాబు అబద్ధమేమీ కాదు గాని, అది చాలదని వాడికే తోచి ఉంటుంది.

శరీరశాస్త్రం చెప్పే జవాబులు పుస్తకాలలో ఉన్నాయి, వాటిని మీ సైన్సు మాస్టారు నాకన్నా బాగా చెబుతారు. తెలుగు చెప్పుకొని బతికినవాణ్ణి కనుక నేను మన వంటింటి కుంపటి దగ్గర మొదలుపెడతాను.

కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు మీ నాయనమ్మ కుంపటి రాజేయడం చూశారు కదా. గ్యాసు పొయ్యి ఉండగా ఇదెందుకని మీ నాన్న ఎంత సణిగినా ఆవిడ వినదు. అడుగున కొబ్బరి పీచు పరుస్తుంది, దాని మీద చితక్కొట్టిన బొగ్గులు పేరుస్తుంది, చుక్క కిరసనాయిలు వేసి అగ్గిపుల్ల గీస్తుంది. మొదట వచ్చేది పొగ. కళ్ళు మండుతాయి, దగ్గు వస్తుంది, విసనకర్ర ఆపితే నిప్పు చల్లారుతుంది, ఊపితే పొగ మొహాన కొడుతుంది. ఆ కాసేపు ఓర్చుకొన్న తరువాత బొగ్గు అంచులు ఎర్రబడతాయి, అప్పుడిక విసరవలసిన పని కూడా ఉండదు. పరుగులో మొదటి కొన్ని నిమిషాలూ ఈ పొగే. కాళ్ళ కండరాలు ఒక్కసారిగా ప్రాణవాయువు కావాలని అడుగుతాయి. గుండె, ఊపిరితిత్తులు ఆ గిరాకీని అందుకోవడానికి కొంచెం వ్యవధి పడుతుంది. ఆ వ్యవధిలోనే రొప్పు వస్తుంది, డొక్కలో పోటు వస్తుంది, ఇది మన వల్ల అయ్యే పని కాదని మనసు గొణుగుతుంది. పరుగు మాకు పడదనే వారిలో చాలామంది పొగ దగ్గరే లేచి వెళ్ళిపోయినవారని నా అనుమానం.

ఇంకొక సంగతి కూడా గమనించండి. కుంపటి వెలిగించేది పాలు కాచడానికి. పాలు పొంగగానే గిన్నె దింపేస్తాం. మరి ఆ తరువాత కూడా ఇంటిల్లిపాదీ దాని చుట్టూ ఎందుకు కూర్చుంటాం? వెలిగించడానికి ఒక కారణం ఉంటుంది, దగ్గర కూర్చోవడానికి ఇంకొకటి ఉంటుంది. పరుగెత్తేవారి విషయంలో నాకు తెలిసిందల్లా ఇంతే, ఈ ఉత్తరంలో మిగిలినదంతా దానికి వ్యాఖ్యానం.

పాల మాట వచ్చింది కనుక మిల్ఖా సింగ్ సంగతి చెబుతాను. దేశ విభజన నాటి మారణకాండలో తల్లిదండ్రులను పోగొట్టుకొని ఢిల్లీ చేరి, సైన్యంలో చేరబోయి పలుమార్లు తిరస్కరణ పొంది, చివరకు ప్రవేశం దొరికిన ఆ యువకుడు సికింద్రాబాదులో సైన్యపు యంత్రాల మరమ్మతులు చూసే ఈఎంఈ విభాగం కేంద్రంలో శిక్షణకు వచ్చాడు. అక్కడ కొత్త సిపాయిలకు దూరపు పరుగు పందెం పెట్టి, ముందు వచ్చిన కొందరిని ప్రత్యేక శిక్షణకు ఎంచుకొన్నారు. అలా ఎంపికైనవారికి రోజూ అదనంగా ఒక గ్లాసు పాలు దొరికేవి. ఆ పాల కోసమే తాను మొదట పరుగెత్తానని ఆయన పెద్దవాడయ్యాక కూడా దాచకుండా చెప్పేవారు. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో నాలుగో స్థానంలో నిలిచేనాటికి ఆయనకు పాలకు కరువేమీ లేదు. గిన్నె దించేసి చాలాకాలమైంది, కుంపటి మాత్రం ఇంకా రాజుకొంటూనే ఉంది.

కొందరి కుంపటిని ఇతరులు వెలిగిస్తారు. చెకొస్లొవేకియాలో చెప్పుల కర్మాగారంలో పనిచేసే ఎమిల్ జాటొపెక్ అనే కుర్రవాణ్ణి పందెంలో పరుగెత్తమని పైవాళ్ళు హుకుం చేస్తే, ఒంట్లో బాగాలేదని చెప్పి తప్పించుకోబోయాడు. ఆ తప్పించుకోబోయినవాడే 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడూ గెలిచాడు. మన ఒడిశాలోనే జాజ్‌పూర్ జిల్లాలో నేత కుటుంబంలో పుట్టిన ద్యుతీ చంద్ మొదట పరుగెత్తింది అక్క సరస్వతిని చూసి. 2018 ఆసియా క్రీడలలో 100 మీటర్లలోనూ 200 మీటర్లలోనూ రజతం తెచ్చింది. అక్క వెనకాల పరుగెత్తడం కూడా ఒక కారణమే. బాబు చేసే ప్రతి పనీ చేయాలని చూసే బుల్లెమ్మకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇంతకన్నా బరువైన కారణం ఒకటి ఉంది. మీరు చిన్నవారు, అయినా చెబుతాను. పంజాబులో ఫౌజా సింగ్ అనే రైతు ఉండేవారు. చిన్నతనంలో కాళ్ళలో సత్తువ లేక అయిదేళ్ళు వచ్చేదాకా నడవనే లేదట. ఆయన పాస్‌పోర్టు లెక్క ప్రకారం పుట్టింది 1911లో. ముసలితనంలో, 1994లో, ఒక ప్రమాదంలో కొడుకును పోగొట్టుకొన్నారు. లండన్‌లో ఇంకొక కొడుకు దగ్గర ఉంటూ ఆ దుఃఖాన్ని మోశారు. భాష రాదు, తెలిసినవారు లేరు. అక్కడ పరుగు పట్టుకొన్నారు. 2000లో, 89 ఏళ్ళ వయసులో, లండన్ మారథాన్ పరుగెత్తారు. మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. 2011లో టొరంటోలో నూరేళ్ళ వయసులో మళ్ళీ అంత దూరమూ పూర్తి చేశారు. పరుగు వల్ల ఆయన దుఃఖం పోయిందా అని మీరు అడుగుతారు. కొడుకు పోయిన దుఃఖం అలా పోయేది కాదు, పిల్లలూ. కాని చలికి వణికే మనిషి కుంపటి దగ్గరికి జరిగితే చలికాలం తొలగిపోదు, ఆ రాత్రి గడుస్తుంది. తెల్లవారాక ఇంకొక రాత్రికి కావలసిన బొగ్గు ఏరుకొనే ఓపిక వస్తుంది.

ఇక నా సంగతి. మా చిన్నప్పుడు ఈ ఊరికి చిన్న రైలు ఉండేది. పర్లాకిమిడి రాజావారు వేయించిన రెండున్నర అడుగుల గేజి దారి అది. 1900లో నౌపడ నుంచి మా ఊరికి వచ్చింది, 1931 నాటికి గుణుపురం దాకా సాగింది. ఇప్పుడది పెద్ద గేజిగా మారి, బండి గంభీరంగా వచ్చి గంభీరంగా వెళ్ళిపోతోంది. అప్పటి బండికి ఆ గాంభీర్యం లేదు. స్టేషను దాటి వేగం పుంజుకొనేలోగా, పట్టాల పక్కనున్న కాలిబాట మీద మేము దానితో పాటు పరుగెత్తేవాళ్ళం. నిక్కరు జారిపోకుండా ఎడమ చేత్తో పట్టుకొని, కుడి చేయి ఒక్కటే ఊపుతూ పరుగెత్తడం నాకు బాగా అలవాటు. కిటికీలోంచి ఎవరో ఒక పెద్దాయన "ఒరే, పడిపోతావురా!" అని అరిచేవాడు. ఎవరో ఒక అమ్మ వేరుశనగకాయలు విసిరేది. ఇంజను పొగ మీద పడి చొక్కా నల్లబడితే ఇంటి దగ్గర వీపు విమానం మోత మోగేది. గెలిచేది ఎప్పుడూ బండే. బండి గెలుస్తుందని తెలిసీ మరునాడు మళ్ళీ అక్కడే నిలబడేవాళ్ళం. మమ్మల్నెవరైనా ఎందుకురా అని అడిగి ఉంటే, ఆ ప్రశ్నే మాకు అర్థమై ఉండేది కాదు. పిల్లలు పుట్టుకతోనే పరుగెత్తుతారు. కారణాలు వెతుక్కోవలసి వచ్చేది మానేసిన పెద్దవాళ్ళకే.

ఇప్పుడు నేను పరుగెత్తను, మోకాళ్ళు ఒప్పుకోవు. కాని చలికాలంలో పొద్దున్నే మహేంద్రతనయ గట్టు మీద నడుస్తాను. ఏటికి అవతల పాతపట్నం, ఇవతల మనం. పరుగెత్తేవారు రెండు ఒడ్డులా ఉన్నారు. అందరికన్నా ముందు వచ్చేది సైన్యంలోనో పోలీసులోనో చేరాలనుకొనే కుర్రవాళ్ళు. సైన్యం ఎంపికలో 1,600 మీటర్ల పరుగు ఉంటుంది కనుక వాళ్ళ లోకమంతా ఆ 1,600 మీటర్లే. మొన్న ఒక కుర్రవాడు పరుగు ముగించి నా పక్కన వంగి నిలబడ్డాడు. గుండు చేయించుకొన్న తల. ఆ తల మీంచి సన్నగా ఆవిరి లేస్తోంది. మనిషి ఒంటి మీద ఇరవై నుంచి నలభై లక్షల దాకా చెమట గ్రంథులుంటాయి. ఆ చెమట ఆరుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది కనుకనే మనిషి అంతసేపు పరుగెత్తగలుగుతాడని చదువుకొన్నాను, అయితే అది పని చేయడం కంటితో చూసింది మాత్రం ఆ రోజే. ఉద్యోగం వచ్చాక కూడా పరుగెత్తుతావా అని అడిగాను. "అప్పుడు గడియారం చూసుకోకుండా పరుగెత్తుతాను మాస్టారూ" అన్నాడు.

వాళ్ళ తరువాత ఒక టీచరమ్మ వస్తుంది. ఆమె పరుగు మెల్లని పరుగు, నేను గట్టిగా నడిస్తే ఇంచుమించు అందుకోగలను. తెల్లవారింది మొదలు రాత్రి పడుకొనేదాకా ఇంట్లోనూ బడిలోనూ ఎవరో ఒకరు తనను పిలుస్తూనే ఉంటారనీ, ఈ గట్టు మీద ఉన్నంతసేపూ ఎవరూ పిలవరనీ ఆమె చెప్పింది. చక్కెర జబ్బుకు డాక్టరు చెప్పగా మొదలుపెట్టిన నా ఈడు మిత్రుడు ఒకాయన ఉన్నాడు. ఆయన వచ్చేది చక్కెర కోసమని మేమెవరమూ ఇప్పుడు నమ్మడం లేదు. గట్టు చివర టీ బడ్డీ దగ్గర ఎదురుచూసే ఇద్దరు స్నేహితుల కోసం వస్తాడు. టీలో పంచదార వద్దని చెప్పి తాగుతాడు కనుక డాక్టరుగారికీ అన్యాయం జరగడం లేదు.

ఇక్కడ పెద్దవాడిగా ఒక్క మాట. కుంపటి మీద గిన్నెకు తగిన నిప్పే పెట్టాలి. 2006లో పూరీ నుంచి భువనేశ్వర్‌కు 65 కిలోమీటర్లు ఒక నాలుగేళ్ళ పిల్లవాణ్ణి పరుగెత్తించారు. దారి పొడుగునా జనం చప్పట్లు కొట్టారు. ఆ తరువాత ప్రభుత్వం కల్పించుకొని అలాంటి పరుగులను ఆపించింది. పిల్లవాడి కాళ్ళను పెద్దవాళ్ళ ఆశ తరమడం నాకు సమ్మతం కాదు. మీ బడి పందేలలో ఎవరైనా మిమ్మల్ని అలా తరిమితే నాకు రాయండి, నేను వచ్చి మాట్లాడతాను.

ఆనందం సంగతి మిగిలింది. పరుగు తరువాత మనసు తేలికపడుతుందని అందరూ అంటారు. ఒంట్లోనే తయారయ్యే ఆనందమైడ్ అనే పదార్థం పరుగు తరువాత నెత్తురులో పెరుగుతుందని శాస్త్రజ్ఞులు కొలిచి చూశారు. అందులో నాకు ఎక్కువ ముచ్చట వేసిన విషయం వేరే ఉంది. వాళ్ళు మనుషులనూ, కుక్కలనూ, ముంగిసను పోలిన ఫెర్రెట్ అనే జంతువునూ పరుగెత్తించి చూస్తే, మనుషులలోనూ కుక్కలలోనూ అది పెరిగింది, ఫెర్రెట్‌లో పెరగలేదు. దూరాలు పరుగెత్తి బతికిన జాతులకే ఈ బహుమానం దక్కిందేమోనని వారి ఊహ. ఆ కుర్రవాళ్ళ వెంట మా వీధి కుక్క గట్టు చివరిదాకా పోయి వస్తుంది. దానికి ఎవరూ బిస్కెట్టు పెట్టరు, దాని ఉద్యోగానికి ఎంపికలూ లేవు. అది నాలుక వేలాడేసుకొని తిరిగి వచ్చేటప్పటి మొహం చూశాక, నా వ్యాఖ్యానం సగం అనవసరమని తోచింది. ఇంతకు మించి నేను వివరించలేను. మీరే చూడాలి.

కనుక వచ్చే ఆదివారం అమ్మకు చెప్పి, స్వెట్టర్లు వేసుకొని, ఇద్దరూ కలిసి వెళ్ళండి. వాహనాలు తిరిగే రోడ్డు వద్దు, బడి మైదానం చాలు. పందెం పెట్టుకోకండి. పరుగెత్తుతూ మీకు నోటికి వచ్చిన పద్యం ఒకటి పైకి చదవండి. రెండో పాదం దగ్గరే ఊపిరి అందకపోతే వేగం ఎక్కువైందన్న మాట, తగ్గించుకోండి. నాలుగు పాదాలూ తడబడకుండా వస్తే అదే మీకు సరిపడే వేగం. పొగ ఉన్నంతసేపు ఆగకండి. డొక్కలో పోటు మరీ గట్టిగా వస్తే మాత్రం నడవండి, అందులో చిన్నతనమేమీ లేదు. తిరిగి వచ్చాక గోరువెచ్చని నీళ్ళు తాగండి. ఏ పద్యం చదివారో, ఎన్నో పాదంలో ఆగిపోయారో నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య.