తుంచిన దోశని మళ్ళీ అంటించమంటే ఏం చెయ్యాలి

మొన్న ఆదివారం పొద్దున్న మా పాపకి దోశ వేసి, చల్లారాక ఎప్పట్లాగే చిన్న చిన్న ముక్కలు తుంచి ప్లేట్లో పెట్టాను. అది ప్లేట్ వంక చూసింది, నా వంక చూసింది, "అంటించు" అంది. ఇంకోటి పెద్దది వేస్తానమ్మా అన్నాను, వద్దు, అదే కావాలి, అదే పెద్దగా కావాలి. అంతే, కుర్చీ దిగి నేల మీద వెల్లకిలా పడిపోయి కాళ్ళు కొట్టుకుంటూ ఒకటే కేకలు. దానికి రెండేళ్ళ నాలుగు నెలలు. అత్తయ్య హాల్లోంచి వచ్చి "ఇంత మొండితనం ఎక్కడ్నుంచి వచ్చిందే నీకు" అన్నారు. ముద్దుగానే అన్నారు, కానీ ఆ మాట నాకు రోజంతా చెవిలోనే ఉండిపోయింది.

పాప పడుకున్నాక రాత్రిళ్ళు ఓ గంట కూర్చుని ఈ విషయాల మీద దొరికిందల్లా చదవడం నాకు ఏడాదిగా అలవాటైంది. చదివేకొద్దీ నాకు గట్టిగా అనిపిస్తోంది ఏంటంటే, ఈ వయసు పిల్లల్లో మనం మొండి అనేదాంట్లో చాలావరకు వయసే, మిగిలింది పుట్టుకతో వచ్చిన తీరు, అందులో పెంపకం తప్పు అని తల్లి నెత్తిన వేసేంత ఏమీ ఉండదు. అది ఎందుకో నాకు అర్థమైనంతలో చెప్తాను.

ముందు ఆ ఏడుపు సంగతే చూద్దాం. పేచీల మీద కూడా పరిశోధన చేసినవాళ్ళు ఉన్నారండీ. అమెరికాలో మైకేల్ పొటెగల్, రిచర్డ్ డేవిడ్‌సన్ అనే ఇద్దరు ఏడాదిన్నర నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలు 335 మందివి, ఒక్కొక్కరిది ఒక్కో పేచీ, మొదటి నుంచి చివరిదాకా ఏం జరిగిందో తల్లిదండ్రుల చేత రాయించుకుని 2003లో ప్రచురించారు. అందులో నూటికి 75 పేచీలు ఐదు నిమిషాల లోపే అయిపోయాయి. అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన నిడివి అరనిమిషం నుంచి ఒక నిమిషం. మనకి మాత్రం అది అరగంటలా ఉంటుంది, ముఖ్యంగా పెళ్ళి పందిట్లోనో బస్సులోనో అయితే. దోశ రోజు నేను గోడ గడియారం చూశాను, నాలుగు నిమిషాలు.

ఇంకా ఆసక్తిగా ఉన్నది లోపల ఏం జరుగుతోంది అన్నది. పేచీ అంటే మొదట కోపం వస్తుంది, అది కరిగి చివరికి ఏడుపవుతుంది అనుకునేదాన్ని. వాళ్ళు చూసింది ఏంటంటే కోపం, దుఃఖం రెండూ కలిసే ఉంటాయి, కోపం మొదట్లోనే జివ్వున లేచి త్వరగా దిగిపోతుంది, దుఃఖం మాత్రం మొదటి నుంచి చివరిదాకా కిందగా సాగుతూనే ఉంటుంది. తర్వాత 2011లో పొటెగల్, జేమ్స్ గ్రీన్ వాళ్ళు పిల్లల బట్టల్లో చిన్న మైకు కుట్టి శబ్దాలే రికార్డ్ చేశారు. కేకలు, అరుపులు ఒక జట్టుగా వస్తాయట, ఏడుపు, మూలుగు ఇంకో జట్టుగా. ఇది చదివాక నేను వింటున్న తీరే మారిపోయింది. కేకలు పెడుతున్నప్పుడు దాని దగ్గర కూర్చుంటానంతే, మాట్లాడను. "ఏమైంది, ఎందుకు, ఏం కావాలి" అని అడిగితే మా పాపకైతే ఇంకా పెరుగుతుంది. కేక తగ్గి వెక్కిళ్ళు మొదలయ్యాయంటే అప్పుడు చేతులు చాపితే వచ్చేస్తుంది. ఆ 2003 పరిశోధనలోనే ఇంకో చిన్న వివరం ఉంది, మొదటి అరనిమిషంలోనే పిల్లలు కాళ్ళు నేలకేసి కొట్టడమో కింద పడిపోవడమో చేస్తే ఆ పేచీ త్వరగా ముగిసే అవకాశం ఎక్కువట, పెద్దవాళ్ళు కల్పించుకోవాల్సిన అవసరమూ తక్కువే పడిందట. చూడ్డానికి భయంకరంగా ఉండేదే త్వరగా అయిపోయేది అన్నమాట.

సరే, అసలు దోశ ముక్కలైతే ప్రపంచం మునిగిపోయినట్టు ఎందుకు? మనసులో ఒకటి అనుకుని, అది కాకపోతే ఆ అనుకున్నదాన్ని పక్కన పెట్టి ఇంకోదానికి మారడం అనేది మనం రోజుకి వందసార్లు చేస్తాం, చేస్తున్నట్టు కూడా తెలీదు. ఆ పని ఎక్కువగా చేసేది నుదుటి వెనకాల ఉండే మెదడు ముందు భాగం. మెదడులో బాగా ఆలస్యంగా ముదిరే భాగాల్లో అదొకటి, ఇరవై దాటాక కూడా దాని పని పూర్తి కాదు. రెండేళ్ళకి అది ఏ మాత్రం ఉంటుందో ఊహించుకోండి.

ఫిలిప్ జెలాజో అనే సైకాలజిస్టు వాళ్ళు చేసిన ఒక ఆట ఉంది, ఎవరైనా ఇంట్లో కూడా ఆడొచ్చు. రెండు డబ్బాలు, ఒకదాని మీద నీలం కుందేలు బొమ్మ, ఇంకోదాని మీద ఎర్ర పడవ. పిల్లల చేతికి ఎర్ర కుందేలు, నీలం పడవ కార్డులు ఇస్తారు. ముందు రంగు ఆట, ఎర్రవన్నీ ఎర్ర డబ్బాలో. మూడేళ్ళ పిల్లలు చక్కగా వేస్తారు. తర్వాత, ఇప్పుడు బొమ్మ ఆట, కుందేళ్ళన్నీ కుందేలు డబ్బాలో వెయ్యాలి అని చెప్తారు. చాలామంది మూడేళ్ళవాళ్ళు మళ్ళీ రంగు ప్రకారమే వేస్తారు. ఆపి "కుందేళ్ళు ఎక్కడ వెయ్యాలి" అని అడిగితే సరైన డబ్బానే చూపిస్తారు, చూపించి కూడా కార్డు మాత్రం పాత డబ్బాలోనే వేస్తారు! నాలుగైదేళ్ళొచ్చేసరికి ఇబ్బంది లేకుండా మారిపోతారు.

ఇది చదివిన రోజు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నిజంగా. ఎందుకంటే అంతకు ముందు రోజే స్విచ్ బోర్డు దగ్గర "ముట్టుకోకూడదని చెప్పానా లేదా" అని గద్దించాను, అది "ముట్టుకోకూదు" అని నాకే తిరిగి చెప్తూ ముట్టుకుంది. నన్ను లెక్క చెయ్యట్లేదు అనుకున్నాను. నియమం తెలియడం ఒకటి, తెలిసిన నియమం చేతిని ఆపడం ఇంకొకటి, ఆ రెండింటికీ మధ్య మూడేళ్ళ పిల్లలకే ఇంత దూరం ఉంటే రెండేళ్ళ దాని మీద నేను గొంతు లేపి ఏం లాభం. ఆ వారమే స్విచ్ బోర్డులకి ప్లాస్టిక్ మూతలు పెట్టించాం.

మరి అందరు పిల్లలూ ఒకేలా ఎందుకు ఉండరు, మా ఆడపడుచు కొడుకు దీని ఈడువాడే, ఎక్కడ కూర్చోబెడితే అక్కడే ఉంటాడు కదా అంటారు. ఇది న్యాయమైన ప్రశ్నే. న్యూయార్క్‌లో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే డాక్టర్ దంపతులు 1956లో మొదలుపెట్టి 133 మంది పిల్లల్ని పసితనం నుంచి పెద్దయ్యేదాకా గమనించారు. నిద్ర, ఆకలి ఎంత వేళపట్టున వస్తాయి, కొత్తదాన్ని చూస్తే ముందుకెళ్తారా వెనక్కి తగ్గుతారా, సంతోషమైనా కోపమైనా ఎంత గట్టిగా చూపిస్తారు, ఇలా తొమ్మిది లక్షణాలు తీసుకున్నారు. నూటికి 40 మంది తేలిగ్గా సర్దుకునేవాళ్ళు, 15 మంది నెమ్మదిగా అలవాటు పడేవాళ్ళు, 10 మంది ప్రతిదీ గట్టిగా చూపించేవాళ్ళు, మిగతావాళ్ళు ఏ గుంపులోనూ పూర్తిగా ఇమడరు. ఈ తేడాలు పసికందుగా ఉన్నప్పుడే కనిపించాయి, అంటే గారాబం చెయ్యడానికి ఇంకా టైమే లేదు.

వాళ్ళు చెప్పినదాంట్లో నాకు బాగా నచ్చింది పొత్తు కుదరడం గురించి. పిల్ల తీరు మంచిదా చెడ్డదా అని కాదు, ఆ తీరుకీ ఇంటి తీరుకీ కుదిరిందా లేదా అని చూడమంటారు. తర్వాత వాళ్ళు న్యూయార్క్‌లోనే, ప్యూర్టోరికో దీవి నుంచి వచ్చి పనిచేసుకుని బతికే కుటుంబాల్లో చూస్తే, వేళకి పడుకోని పిల్లల్ని అక్కడెవరూ సమస్య అనుకోలేదు, ఎప్పుడు నిద్రొస్తే అప్పుడు పడుకునేవాళ్ళు, స్కూల్ టైమింగ్స్ వచ్చాకే ఇబ్బంది మొదలైంది. మాకూ ఇది అనుభవమే. తెనాలిలో మా అమ్మవాళ్ళింట్లో పెరడుంది, వాకిలుంది, ఎత్తుకోడానికి నలుగురున్నారు, అక్కడ మా పాపని ఎవరూ మొండిది అనలేదు, హుషారు పిల్ల అన్నారు. అదే పిల్ల హైదరాబాద్‌లో రెండు గదుల ఫ్లాట్‌కి రాగానే అల్లరిది అయిపోయింది.

ఫ్లాట్ అంటే గుర్తొచ్చింది. క్యారెన్ అడాల్ఫ్ అనే సైకాలజిస్టు వాళ్ళు 2012లో ఏడాది నుంచి పంతొమ్మిది నెలల మధ్య పిల్లల్ని ఆడుకునే గదిలో వదిలి లెక్కపెడితే సగటున గంటకి 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. గంటకి! ఐదేళ్ళ లోపు పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది కూడా అదే, ఏడాది దాటిన పిల్లలకి రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాల కదలిక ఉండాలని. సాయంత్రం పార్కుకి తీసుకెళ్ళని రోజు రాత్రి అన్నం దగ్గర పేచీ ఎక్కువుంటుందని మా ఇంట్లో అందరికీ తెలిసిపోయింది.

ఇంక "నేనే" సంగతి. చెప్పు నేనే, గ్లాసు నేనే, లిఫ్ట్ బటన్ నేనే. ఇది కూడా ఊరికే వచ్చింది కాదు. 1972లో బ్యూలా ఆమ్‌స్టర్‌డామ్ అనే ఆవిడ పిల్లలకి తెలియకుండా ముక్కు మీద ఎర్రరంగు పూసి అద్దం ముందు పెట్టారు. చిన్నపిల్లలు అద్దంలో పాప అనుకుని నవ్వుతారు, ఏడాదిన్నర దాటుతుంటే మెల్లిగా తమ ముక్కే తుడుచుకోవడం మొదలుపెడతారు. మన పిల్లలకి బొట్టు, దిష్టిచుక్క అలవాటే కాబట్టి నేను కుంకుమ నుదుటి మీద కాకుండా ముక్కు చివర పెట్టి చూశాను, పంతొమ్మిదో నెలలో తుడుచుకుంది. "నేను" అనేది ఒకటుందని తెలిసిన కొత్తలో ఆ నేనుకి ఏమేం చేతనవునో చూసుకోకుండా ఎలా ఉంటుంది చెప్పండి.

ఒక్క విషయం మాత్రం పేచీలో కలిపెయ్యకండి. కొంతమంది పిల్లలు ఏడుస్తూ ఏడుస్తూ ఊపిరి బిగబట్టి, పెదాలు నీలంగా అయ్యి, ఒక్కోసారి స్పృహ తప్పుతారు. కావాలని చేసేది కాదది. సాధారణంగా నిమిషం లోపే తేరుకుంటారు, వయసుతో పాటు పోతుంది కూడా. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, కుదపకూడదు, మొదటిసారి అయితే తప్పకుండా డాక్టర్‌కి చూపించాలి. శరీరంలో ఐరన్ తక్కువున్న పిల్లల్లో ఇది ఎక్కువ, ఐరన్ మందు ఇస్తే చాలామందిలో తగ్గుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి 70 మందికి, ఆంధ్రప్రదేశ్‌లో 63 మందికి రక్తహీనత ఉంది, కాబట్టి "కోపమెక్కువ దీనికి" అని వదిలెయ్యకుండా రక్తపరీక్ష గురించి అడగండి.

నిన్న సాయంత్రం పార్కు నుంచి వస్తుంటే పై అంతస్తు అంకుల్‌గారు సాయం చేద్దామని లిఫ్ట్ బటన్ నొక్కేశారు. మా పాప అక్కడే నేల మీద పడిపోయింది, "నేనేఏఏ" అని. ఆయన పాపం కంగారుపడ్డారు. పర్లేదండీ మీరు వెళ్ళండి అని చెప్పి నేను మెట్ల మీద కూర్చున్నాను. కేకలు, తర్వాత ఏడుపు, తర్వాత వెక్కిళ్ళు. లేచొచ్చి నా ఒళ్ళో తల పెట్టుకుంది. లిఫ్ట్ పైకెళ్ళి ఆగింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, మునివేళ్ళ మీద నిలబడి తనే నొక్కింది.