డిశ్చార్జ్ అయితే గండం గడిచినట్టేనా? ఆత్మహత్య ముప్పుపై అపోహలు - వాస్తవాలు

"ఇంటికి పంపేస్తున్నారంటే ఇక భయం లేనట్టేగా డాక్టర్‌గారూ?" ఆత్మహత్యాయత్నం తర్వాత కోలుకున్న మనిషిని తీసుకెళ్తూ ఇంటివాళ్లు దాదాపు ప్రతిసారీ అడిగే ప్రశ్న ఇది. నన్ను ఎక్కువగా భయపెట్టే అపోహ కూడా ఇదే.

వాస్తవం దీనికి తలకిందులు. మానసిక వార్డు నుంచి వెళ్లాక మొదటి మూడు నెలలు, అందులోనూ మొదటి వారం, ముప్పు బాగా ఎక్కువ. వార్డులో రాత్రీపగలూ ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉంటారు. ఇంటికెళ్లగానే ఆ కాపలా పోతుంది. అప్పులు, గొడవలు, ఒంటరితనం మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. అందుకే ముప్పు ఉన్నవాళ్లను డిశ్చార్జ్ అయిన 48 గంటల్లోపే పలకరించాలని బ్రిటన్‌లో వైద్యులకు మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ చెబుతుంది.

కొడుకు డిశ్చార్జ్ అయ్యాక ఒక తల్లి మొదటి ఫాలోఅప్‌కి ఒక్కరే వచ్చారు. "నవ్వుతూ తిరుగుతున్నాడండీ. ఇక్కడికి తెస్తే మళ్లీ గుర్తు చేసినట్టవుతుందని..." అన్నారు. ఆవిడ భయం అర్థం చేసుకోలేనిది కాదు. అబ్బాయికి అప్పుడే ఫోన్ చేసి, చచ్చిపోవాలనే ఆలోచన వస్తోందా అని సూటిగా అడిగాను. వస్తోందన్నాడు. అమ్మ సంతోషం చూసి చెప్పలేకపోయాడట. ఆ సాయంత్రమే వచ్చాడు, మందులు మార్చాం.

అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది వట్టి పుకారు. అలా పుడుతుందని ఏ మంచి అధ్యయనంలోనూ తేలలేదు. దయచేసి దాన్ని ఇంకొకరికి చెప్పకండి.

అతనితో కూర్చుని సేఫ్టీ ప్లాన్ కూడా రాశాం: ఆలోచన మొదలయ్యే ముందు కనిపించే గుర్తులు, అప్పుడు తాను చేయగలిగేవి, ఫోన్ చేయాల్సిన మనుషులు, ఇంట్లోంచి తీసేయాల్సిన ప్రమాదకరమైన వస్తువులు. మాత్రలు అమ్మ దగ్గరే ఉంచాం. 2018లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, ఇలాంటి ప్లాన్‌కి ఫాలోఅప్ ఫోన్లు తోడైనప్పుడు ఆరు నెలల్లో ఆత్మహత్యకు సంబంధించిన ప్రవర్తన 45 శాతం తక్కువగా కనిపించింది.

మిగతా అపోహలు క్లుప్తంగా. ముప్పును అంచనా వేసే ప్రశ్నల పట్టికలో (స్కేల్‌లో) స్కోరు తక్కువ వస్తే ధైర్యంగా ఉండొచ్చా? వద్దు, రేపేం జరుగుతుందో ఏ స్కేలూ చెప్పలేదు. "చేసుకోను" అని ఒట్టు వేయించుకుంటే చాలా? పనిచేస్తుందనడానికి ఆధారం లేదు. చచ్చిపోతానని బెదిరించేవాళ్లు చేసుకోరా? ఈ మాట ఎవరన్నా నాకు కోపం వస్తుంది. ఆత్మహత్య చేసుకున్నవాళ్లలో ముందే చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇంట్లో ఉన్న మనిషికి నిద్ర చెడినా, మాటలు తగ్గినా, ఆ ఆలోచన మళ్లీ వచ్చిందన్నా ఫాలోఅప్ తేదీ దాకా ఆగకండి. ఒంటరిగా వదలకుండా అదే రోజు తీసుకురండి, రాత్రయితే ఎమర్జెన్సీకి వెళ్లండి. డాక్టర్ని విసిగిస్తున్నామేమోనని మొహమాటపడకండి.