చిగుళ్లు కనిపించే నవ్వు: క్లిప్పులకు ముందు కొలవాల్సినవి

పళ్లు కరిచినప్పుడు పై ముందు పళ్లు కింది వాటిని 2-3 మిల్లీమీటర్ల మేర కప్పడం మామూలే. కొందరిలో కింది పళ్లు అసలు కనిపించవు, వాటి అంచులు పైన అంగిట్లో గుచ్చుకుని అచ్చులు పడతాయి. ఇది డీప్ బైట్. నవ్వితే పై చిగురు 4 మి.మీ.కి మించి బయటపడితే గమ్మీ స్మైల్ అంటారు. రెండూ ఒకరిలోనే ఉండొచ్చు, కానీ మూలం ఒకటే కానక్కర్లేదు.

పన్ను పొట్టిగా, సుమారు 8 మి.మీ. మాత్రమే కనిపిస్తూ, మిగతా ఎనామిల్ చిగురు కింద దాగి ఉంటే చిగురును సరిచేస్తే చాలు, క్లిప్పులతో పనిలేదు. నవ్వినప్పుడు పెదవి 6-8 మి.మీ.ని మించి లేస్తుంటే తప్పు పెదవిది. కండరాన్ని సడలించే బొటాక్స్ ఇంజెక్షన్ ఇస్తే తగ్గుతుంది గానీ మూడు నాలుగు నెలలే. పై దవడ ఎముకే బాగా పొడవైతే సర్జరీ దాకా వెళ్లాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన కొలత నవ్వులో దొరకదు. పెదవులు వదులుగా విడిచినప్పుడు పై పళ్లు ఎంత కనిపిస్తున్నాయో చూడాలి. అది 2 మి.మీ.లే అయితే డీప్ బైట్ తగ్గించడానికి పై పళ్లను పైకి, ఎముకలోకి నెట్టకూడదు, కింది వాటినే దించాలి. వయసుతో పెదవి ఎలాగూ కిందికి జారుతుంది. పళ్లు ఇప్పుడే దాచేస్తే ముఖం ముందుగానే ముసలిదవుతుంది.

పై పళ్లనే నెట్టాల్సి వస్తే వేర్ల మధ్య ఎముకలో సుమారు 1.5 మి.మీ. మందం, 8 మి.మీ. పొడవున్న మినీ స్క్రూ బిగిస్తారు. చిగురుకు మత్తిస్తే సరిపోతుంది. దాని నుంచి క్లిప్పుల తీగకు సాగే చైన్ కడతారు. ఒక్కో పంటికి 10-20 గ్రాముల బలం చాలు. "గట్టిగా లాగండి, త్వరగా అయిపోతుంది" అని అడిగితే ఒప్పుకోకూడదు: ఆ ఒత్తిడంతా వేరు కొసమీదే పడుతుంది, కరిగిన వేరు మళ్లీ పెరగదు. నెలకు అర మిల్లీమీటరు కదిలితే మంచి వేగమే. లాగుడు పంటికి ముందువైపు నుంచి పడుతుంది కాబట్టి పళ్లు బయటికి వాలిపోతున్నాయేమో ప్రతిసారీ చూడాలి. స్క్రూ చుట్టూ మెత్తటి బ్రష్‌తో తోమకపోతే చిగురు వాచి అది వదులవుతుంది. అప్పుడు తీసి మరోచోట వేయాల్సిందే.

క్లిప్పులు తీశాక పళ్లు తిరిగి కదలకుండా పట్టి ఉంచడానికి ఇచ్చే పై రిటైనర్‌కు ముందు పళ్ల వెనక చిన్న గట్టు పెట్టించుకోవాలి. కింది పళ్లు దానిమీద ఆనతాయి, మళ్లీ పైకి ఎగబాకవు.