వడ్డీకి కళ్లెం: 1938 నుంచి 2022 దాకా

గోదావరి డెల్టాలో వడ్డీని రూపాయల్లో చెబుతారు. రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు నూటికి రెండు, ఏడాదికి 24 శాతం. మైక్రోఫైనాన్స్ అప్పులకు, అంటే పేదలకు తాకట్టు లేకుండా ఇచ్చే చిన్న అప్పులకు, రిజర్వు బ్యాంకు 2011లో పెట్టిన గరిష్ఠ పరిమితి 26 శాతం. 2022 ఏప్రిల్ నుంచి పరిమితే లేదు.

పాత చట్టాల నమ్మకం వేరు. 1938లో మద్రాసులో రాజాజీ ప్రభుత్వం తెచ్చిన రైతు రుణ ఉపశమన చట్టం, అసలుకు రెట్టింపు కట్టిన రైతు బాకీ తీరినట్టేనంది. అప్పిచ్చేవాడూ పుచ్చుకునేవాడూ సమఉజ్జీలు కారన్నది దాని లెక్క.

1973లో మెకినన్, షా అనే ఆర్థికవేత్తలు విడివిడిగా దీనికి ఎదురు వాదించారు. వడ్డీని కృత్రిమంగా తొక్కిపెడితే పొదుపు పడిపోతుంది, చౌక అప్పు పలుకుబడి ఉన్నవాళ్లకే దక్కుతుందన్నారు. మనదేశంలో బ్యాంకింగ్ సంస్కరణల మీద వేసిన 1991 నరసింహం కమిటీ నుంచి సంస్కరణలు ఆ దారినే నడిచాయి.

1981లో స్టిగ్లిట్జ్, వైస్ అనే ఆర్థికవేత్తలు మరో మాట చెప్పారు. రేటు పెంచితే నికార్సైన బాకీదార్లు తప్పుకుని, తెగించినవాళ్లే మిగులుతారు. అందుకని బ్యాంకు రేటు పెంచదు, కొందరికి అప్పే ఇవ్వదు. డెల్టాలో కౌలు రైతుకి ఇది కొత్త సంగతేం కాదు. పాసుపుస్తకం భూయజమాని పేరున ఉంటుంది కాబట్టి కౌలుదారు కమీషన్ ఏజెంటు దగ్గరికో మిల్లరు దగ్గరికో వెళతాడు, పంట అక్కడే పోయాలి. మైక్రోఫైనాన్స్ ఈ సందులోకే వచ్చింది. తాకట్టు బదులు పక్కింటివాళ్ల హామీ.

పోటీ పెరిగితే వడ్డీ దిగుతుందనుకున్నారు. ఇక్కడ మాత్రం ఒక్కో మనిషి మీద అప్పుల సంఖ్య పెరిగింది, ఒకరి వాయిదా కట్టడానికి ఇంకొకరి దగ్గర తీసుకోవడం మామూలైంది. 2006లో పక్కనున్న కృష్ణా జిల్లాలో అధికారులు మైక్రోఫైనాన్స్ సంస్థల శాఖలు కొన్ని మూయించారు. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సు వారం వాయిదాలను మాన్పించి, వడ్డీ అసలును మించకూడదంది. 1938 నాటి ఆలోచనే మళ్లీ! వసూళ్లు కుదేలయ్యాయి. తాను వేసిన మాలెగాం కమిటీ సిఫార్సులతో రిజర్వు బ్యాంకు 2011లో రేటుకి ఆ పరిమితి పెట్టింది.

2022లో దాన్ని ఎత్తేసినప్పుడు రిజర్వు బ్యాంకు నమ్ముకున్నది పోటీనీ, రేట్లు బయటపెట్టడాన్నీ. నాకైతే అందులో మొదటిదాని మీద గురి లేదు. బదులుగా పెట్టిన షరతు మేలు: నెలవారీ వాయిదాలన్నీ కలిపి కుటుంబ నెల ఆదాయంలో సగం దాటకూడదు. కాకపోతే ఆ ఆదాయాన్ని అంచనా కట్టేది అప్పిచ్చే సంస్థే. నాట్లకీ కోతలకీ మధ్య కూలి దొరకని నెలలను అది ఎలా లెక్కేస్తుందన్నదాని మీదే ఇక్కడ అంతా ఆధారపడి ఉంది.