గొంతు మారినా, గది మారినా: ఏసీ/డీసీ ధ్వనిలో ఎవరి వాటా ఎంత?

ఒక హార్డ్ రాక్ బృందం ధ్వని మారినప్పుడు అందుకు కారణం కొత్తగా చేరిన సభ్యుడా, కొత్తగా వచ్చిన ప్రొడ్యూసరా అన్నది తేల్చడం చాలా సందర్భాల్లో కష్టం, ఎందుకంటే ఆ రెండు మార్పులూ తరచుగా ఒకేసారి జరుగుతాయి. ప్రయోగశాలలో అయితే ఒక్క అంశాన్ని మార్చి మిగతావన్నీ కదలకుండా ఉంచుతారు. ఆస్ట్రేలియా బృందం ఏసీ/డీసీ చరిత్రలో 1978 నుంచి 1980 దాకా దాదాపు ఇలాంటి పరిస్థితే ఎవరూ ప్రణాళిక వేయకుండా ఏర్పడింది. 1978 నాటి ‘పవరేజ్’ ఆల్బమ్ మీదా, 1979 నాటి ‘హైవే టు హెల్’ మీదా ఉన్నవి అదే ఐదుగురు కళాకారుల పేర్లు, మారింది ప్రొడ్యూసర్. 1980 నాటి ‘బ్యాక్ ఇన్ బ్లాక్’కు వచ్చేసరికి ప్రొడ్యూసర్ అలాగే ఉన్నారు, గాయకుడు మారారు. ఈ మూడింటినీ వరసగా వింటే మొదటి మార్పు రెండోదానికన్నా పెద్దదని నాకు స్పష్టంగా అనిపిస్తుంది. అలా ఎందుకు అనిపిస్తుందో ధ్వనిశాస్త్రం చాలావరకు వివరించగలదు.

మాల్కమ్ యంగ్, ఆంగస్ యంగ్ అనే అన్నదమ్ములు స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో పుట్టారు. 1963లో వారి కుటుంబం ఆస్ట్రేలియాకు వలస వెళ్లింది. పదేళ్ల తర్వాత సిడ్నీలో వారు ఈ బృందాన్ని ప్రారంభించారు. వారి అన్న జార్జ్ యంగ్ అప్పటికే ‘ఈజీబీట్స్’ బృందంతో పేరు తెచ్చుకున్నవాడు. తొలి ఆల్బమ్‌లను ఆయనా, ఆయన సహచరుడు హ్యారీ వాండా కలిసి ప్రొడ్యూస్ చేశారు. ఏ టేకును ఉంచాలి, మైకులు ఎక్కడ పెట్టాలి, పాట ఎంత వేగంతో నడవాలి, ఏ చరణం తీసెయ్యాలి అన్న నిర్ణయాలన్నీ ప్రొడ్యూసర్‌వే. జార్జ్ పద్ధతిలో ఊపు ముందు, శుద్ధత తర్వాత. 1977లో ఒక టేకు నడుస్తుండగా ఆంగస్ ఆంప్లిఫయర్ నుంచి పొగ రావడం మొదలైతే, వాయించడం ఆపవద్దని జార్జ్ కేకలు వేసి చెప్పిన సంగతి రాక్ ప్రపంచంలో బాగా ప్రచారంలో ఉంది.

అందరూ ఒకే గదిలో కలిసి వాయించినప్పుడు డ్రమ్స్ శబ్దం గిటార్ మైకులోకీ, గిటార్ శబ్దం డ్రమ్స్ మైకులోకీ చొరబడుతుంది. ధ్వని ఒక మీటరు దూరం పోవడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, రెండు మీటర్ల అవతలి మైకుకు అదే దెబ్బ 6 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. మిక్సింగ్‌లో ఈ రెండు ప్రతులూ కలిసినప్పుడు కొన్ని పౌనఃపున్యాలు బలపడి, మరికొన్ని ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. అందువల్ల ఏ వాద్యానికావాద్యం విడిగా తెలియడం తగ్గుతుంది గానీ, అంతా ఒక్క ముద్దగా, సజీవంగా వినిపిస్తుంది. ‘పవరేజ్’లో నాకు వినిపించే సాంద్రత ఇలాంటిదే.

ఆ ముద్ద బురదగా మారకుండా కాపాడింది మాల్కమ్ రిథం గిటార్, అంటే పాటకు లయనూ ఆధారాన్నీ ఇచ్చే గిటార్. ఈ బృందం ధ్వనికి వెన్నెముక ఆయనే కాబట్టి ఇక్కడ కొంచెం నిలబడి చూడాలి. ఆంప్లిఫయర్‌ను దాని శక్తికి మించి నడిపిస్తే తరంగం పైభాగం, కిందిభాగం తెగిపోతాయి; దానినే డిస్టార్షన్ అంటాం. ఒక్క స్వరమే అయితే దాని గుణిజాలైన హార్మోనిక్స్ మాత్రమే పుడతాయి. రెండు స్వరాలు కలిసి వెళ్తే వాటి మొత్తాలూ, భేదాలూ కూడా కొత్త స్వరాలుగా పుట్టుకొస్తాయి. తంబురాలో మనం వినే స–ప జంట నిష్పత్తి 2:3. గిటార్ మీద 110, 165 హెర్ట్జ్‌లను కలిపి మోగిస్తే భేదం 55 హెర్ట్జ్, అంటే కింది స్థాయి షడ్జమే వస్తుంది. పుట్టేవన్నీ 55కు గుణిజాలు కాబట్టి శ్రుతి చెడదు. కలిపి మోగించే స్వరాల గుంపును కార్డ్ అంటారు; హార్డ్ రాక్‌లో స–పలే ఉండే పవర్ కార్డ్‌కు ఇంత ప్రాముఖ్యం రావడానికి ఇదొక గట్టి కారణం. అంతరగాంధారం చేరిస్తే లెక్క మారుతుంది. శుద్ధమైన గాంధారం 137.5 హెర్ట్జ్ కాగా, గిటార్ మెట్ల మీద పలికేది 138.6. ఆ చిన్న తేడా వల్ల భేదస్వరాలు ఒకదానితో ఒకటి కుదరవు. డిస్టార్షన్ పెరిగేకొద్దీ ఆ పొసగనితనం గరగరగా బయటపడుతుంది.

మాల్కమ్ తన గ్రెచ్ గిటార్‌కున్న పికప్‌లలో (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాల్లో) ఒక్క బ్రిడ్జ్ పికప్ మాత్రం ఉంచి మిగతావి తీసేశారు. మందమైన తీగలు కట్టి, వాల్యూమ్ తగ్గించి, చేత్తో మాత్రం గట్టిగా మీటేవారు. డిస్టార్షన్ తక్కువ కాబట్టి గాంధారం ఉన్న పూర్తి కార్డ్‌లు కూడా ఆయన చేతిలో విడివిడిగా, స్ఫుటంగా వినిపిస్తాయి. ఈ బృందాన్ని అనుకరించేవారిలో చాలామంది డిస్టార్షన్ పెంచి ఈ అసలు సంగతినే పోగొట్టుకుంటారు.

1979లో అమెరికా మార్కెట్ కోసం రికార్డు కంపెనీ ప్రొడ్యూసర్‌ను మార్చమంది. ఎడ్డీ క్రేమర్ అనే ప్రొడ్యూసర్‌తో చేసిన ప్రయత్నం పొసగకపోవడంతో, నేటి జాంబియాలో పుట్టిన రాబర్ట్ జాన్ లాంగ్ వచ్చారు. అందరూ ఆయనను ‘మట్’ లాంగ్ అంటారు. లండన్‌లోని రౌండ్‌హౌస్ స్టూడియోలో ఆయన ఈ ఐదుగురి చేత ఓపికగా, పదేపదే వాయింపజేశారు. బలమైన శబ్దం తన పక్క పౌనఃపున్యాల్లోని బలహీన శబ్దాన్ని చెవిలోనే కప్పేస్తుంది. అందుకని ప్రతి వాద్యానికీ విడిగా చోటు కేటాయించడం, అవసరం లేని చోట వాద్యాన్ని ఆపేయడం లాంగ్ పద్ధతి. మరో పెద్ద మార్పు పల్లవిలో గుంపుగా పాడే గొంతులు. ఒకే పంక్తిని పలువురు పాడితే శ్రుతిలోనూ, కాలంలోనూ వచ్చే అతి చిన్న తేడాలు ఆ పంక్తిని వెడల్పు చేస్తాయి. స్టేడియంలో జనం అందుకునేది ఆ వెడల్పైన పల్లవినే. అమెరికా ఆల్బమ్‌ల జాబితాలో ‘పవరేజ్’ 133వ స్థానం దాటలేదు. ‘హైవే టు హెల్’ 17కు చేరింది. అమ్మకాలకు ప్రచారం, పర్యటనలు కూడా కారణాలే. అయినా మనుషులు వాళ్లే, వాద్యాలు అవే అయినప్పుడు, చెవికి తెలిసే ఇంత తేడాలో లాంగ్ వాటా చాలా పెద్దది.

1980 ఫిబ్రవరి 19న గాయకుడు బాన్ స్కాట్ లండన్‌లో మరణించారు. ఆయనకు 33 ఏళ్లు. ఇంగ్లండ్ ఈశాన్య ప్రాంతం నుంచి బ్రయాన్ జాన్సన్ వచ్చారు. బాన్ పాట మాటకు దగ్గరగా ఉంటుంది. ఎదురుగా కూర్చుని కథ చెబుతున్నట్టు ప్రతి పదమూ తెలుస్తుంది. జాన్సన్ ఎక్కువగా పై స్థాయిలో, గొంతు చీల్చుకుంటూ పాడతారు. స్వరతంత్రుల పైనున్న మరో జత మడతలు కూడా అదరడంతో ఇలాంటి గొంతులో గరుకుదనం పుట్టి, చెవి అత్యంత సున్నితంగా ఉండే 2,000–5,000 హెర్ట్జ్ ప్రాంతంలో శక్తి పోగవుతుంది. అదే సమయంలో అచ్చులు మసకబారుతాయి. ‘ఈ’కీ ‘ఏ’కీ తేడాను చెవి ప్రధానంగా 300–500 హెర్ట్జ్ దగ్గరి అనునాదం ద్వారా పోల్చుకుంటుంది, గాయకుడి స్వరమే 500 దాటితే అక్కడ చూపించడానికి హార్మోనిక్ ఉండదు. తారస్థాయిలో కీర్తన సాహిత్యం సరిగ్గా తెలియకపోవడానికీ ఇదే కారణం. దీని ఫలితంగా బాన్ హయాంలో కథకుడిగా ముందు నిలబడిన గొంతు, జాన్సన్ రాకతో దాదాపు మూడో గిటార్ అయింది. నేను బాన్ మాటల్లోని చమత్కారాన్ని ఇప్పటికీ పోగొట్టుకున్నదిగానే భావిస్తాను. కానీ గొంతు వెనకాల బృందం నడక మారలేదు.

ఆ ఆల్బమ్ రికార్డింగ్ బహామాస్‌లోని నాసౌలో, కంపాస్ పాయింట్ స్టూడియోలో జరిగింది. ఇంజనీర్ టోనీ ప్లాట్ గదంతా తిరుగుతూ స్నేర్ డ్రమ్‌ను వాయించి చూసి, అది ఎక్కడ నిండుగా పలికిందో అక్కడే డ్రమ్స్ పెట్టించారు. ఇది చాదస్తం కాదు. ప్రతి గదిలోనూ గోడల మధ్య నిలువు తరంగాలు ఏర్పడి, ఒక చోట ఒక పౌనఃపున్యం ఉబ్బి, మరో చోట అదే కుంగిపోతుంది. ఒక్క అడుగు జరిగితే డ్రమ్ స్వభావమే వేరుగా వినిపించవచ్చు. ఆల్బమ్ పేరే ఉన్న పాటను గమనించండి. హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని జత తాళాలు) లెక్క తర్వాత ఒక కార్డ్, ఖాళీ, మరి రెండు మెరుపులు, మళ్లీ ఖాళీ. నిమిషానికి సుమారు 94 బీట్ల వేగంలో ఒక బీటుకు 640 మిల్లీసెకన్లు. గది ప్రతిధ్వని ఆ వ్యవధిలో చల్లారకపోతే ఖాళీ నిండిపోయి రిఫ్, అంటే పదేపదే వచ్చే గిటార్ పలుకు, చచ్చిపోతుంది. అసలే పొడిగా ఉంటే డ్రమ్స్ అట్టపెట్టెల్లా మోగుతాయి. ఆ రెండింటికీ మధ్య కొలతను పట్టుకోవడంలోనే ప్రొడ్యూసర్, ఇంజనీర్ల ప్రతిభ ఉంది. డ్రమ్మర్ ఫిల్ రడ్ అలంకారాలు మానేసి ఆ ఖాళీలను ఖాళీలుగానే వదిలిపెట్టడం అంతకన్నా తక్కువ విషయం కాదు.

1983లో ప్రయోగం వెనక్కి తిరిగింది. బృందం లాంగ్‌ను వదిలి, ‘ఫ్లిక్ ఆఫ్ ది స్విచ్’ను తామే ప్రొడ్యూస్ చేసుకుంది. స్టూడియో మళ్లీ కంపాస్ పాయింటే, గాయకుడు జాన్సనే, డ్రమ్స్ రడ్‌వే. అయినా మెరుగు పోయి, మొరటుదనం తిరిగొచ్చింది. రడ్ ఆ ఏడాదే వెళ్లిపోయి 1990లలో తిరిగొచ్చేదాకా సైమన్ రైట్, క్రిస్ స్లేడ్ ఆ స్థానంలో కూర్చున్నారు. 1990లో బ్రూస్ ఫెయిర్‌బెర్న్, 1995లో రిక్ రూబిన్, 2008లో బ్రెండన్ ఓబ్రయన్ ప్రొడ్యూసర్లుగా వచ్చారు. ప్రతి ఒక్కరితో తళుకు హెచ్చుతగ్గులైంది.

మాల్కమ్ మతిమరుపు వ్యాధి వల్ల 2014లో వైదొలగినప్పుడు ఆయన అన్న కొడుకైన స్టీవీ యంగ్‌ను తీసుకున్నారు. 1988లో మాల్కమ్ లేని ఒక అమెరికా పర్యటనలో వాయించినది కూడా స్టీవీయే. గాయకుడి స్థానంలో పూర్తిగా వేరే గొంతును ధైర్యంగా నిలబెట్టిన బృందం, రిథం గిటార్ దగ్గరికి వచ్చేసరికి అదే ఇంటి మనిషిని, ఆ మీటు తెలిసినవాడిని వెతుక్కుంది. ఆ ఏడాది వచ్చిన ‘రాక్ ఆర్ బస్ట్’లో రిఫ్‌లు చాలావరకు మాల్కమ్, ఆంగస్ అంతకుముందు పోగుచేసినవే, వాయించిన చెయ్యి మాత్రమే స్టీవీది.