హెపటైటిస్ బి: కాన్పు తరవాత తల్లి లివర్‌ను ఎవరు చూస్తున్నారు?

అపోహ: తల్లికి హెపటైటిస్ బి (లివర్‌కు సోకే వైరస్) ఉన్నా, కాన్పు సాఫీగా జరిగి, బిడ్డకు టీకా పడితే గండం గడిచినట్టే.

వాస్తవం: బిడ్డ వరకు అది చాలామటుకు నిజమే. తల్లి విషయంలో మాత్రం అసలు జాగ్రత్త అప్పుడే మొదలవుతుంది. కడుపులోని బిడ్డను పరాయిదని తోసిపుచ్చకుండా గర్భంతో ఉన్నన్నాళ్లూ ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ కాస్త మెతకబడుతుంది. అది వైరస్‌కూ కలిసొస్తుంది. కాన్పయ్యాక ఆ వ్యవస్థ మళ్లీ పుంజుకుని, వైరస్ ఉన్న లివర్ కణాల మీద విరుచుకుపడుతుంది. లివర్‌ను దెబ్బతీసేది ఎక్కువగా ఈ దాడే, నేరుగా వైరస్ కాదు. లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ఎంజైమ్ ఎస్‌జీపీటీ, రిపోర్టులో అది పెరిగి కనిపిస్తుంది. మేం డాక్టర్లం ఫ్లేర్ అనేది దీన్నే.

ఇది ఎక్కువగా మొదటి కొన్ని నెలల్లో వస్తుంది. ఆరు నెలల దాకా ఓ కన్నేసి ఉంచాలి. చాలామందికి ఏ లక్షణమూ లేకుండా దానంతటదే తగ్గిపోతుంది. అరుదుగా లివర్ ఫెయిల్యూర్ దాకా వెళ్తుంది. ఎవరిలో ఎటు పోతుందో మొహం చూసి చెప్పలేం, రక్తపరీక్ష చేయాల్సిందే. నేను చూసే ఫైళ్లలో కాన్పు ముందు పేజీల నిండా తల్లి పరీక్షలుంటాయి. తరవాతి పేజీల్లో బిడ్డ బరువు, బిడ్డ టీకాలు. తల్లి ఎస్‌జీపీటీ వెతికినా దొరకదు.

అపోహ: బాలింతకు నీరసం మామూలే.

వాస్తవం: నిద్ర లేకపోతే ఎవరికైనా నీరసమే. దానికి తోడు ఆకలి చచ్చిపోయినా, వాంతులవుతున్నా, మూత్రం ముదురు రంగులో వస్తున్నా, కళ్లు పచ్చబడినా అదే రోజు డాక్టర్‌ను కలవాలి. మాట తడబడుతున్నా, మగతగా ఉన్నా అది ఎమర్జెన్సీ.

అపోహ: హెపటైటిస్ బి ఉంది కాబట్టి ఎస్‌జీపీటీ పెరిగితే కారణం అదే.

వాస్తవం: కాకపోవచ్చు. చివరి నెలల్లో బీపీ పెరిగి, ప్లేట్‌లెట్లు పడిపోతుంటే హెల్ప్ (HELLP) సిండ్రోమ్‌ను, అంటే గర్భం వల్ల లివర్, రక్తకణాలు దెబ్బతినే ప్రమాదకర స్థితిని అనుమానించాలి. హెపటైటిస్ ఇ కూడా గర్భిణులకు ప్రమాదకరమే. లివర్ పరీక్షలోనే కనిపించే మరో ఎంజైమ్ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ గర్భంలో ఒక్కటే పెరిగితే టెన్షన్ అక్కర్లేదు, అది మాయ (ప్లాసెంటా) నుంచి కూడా వస్తుంది.

అపోహ: వైరస్‌ను అణచే మాత్ర టెనోఫోవిర్ బిడ్డ కోసమే కదా, కాన్పవగానే మానేయొచ్చు.

వాస్తవం: వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) మిల్లీలీటరుకు 2,00,000 ఐయూ దాటితే సుమారు 28వ వారం నుంచి ఈ మాత్ర ఇస్తాం. బిడ్డకు సోకకుండా ఉండటానికే అది. కానీ కొందరు తల్లులకు తమ లివర్ కోసమూ కావాలి. మానేశాక కూడా ఫ్లేర్ రావచ్చు. ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి, ఆపాక పరీక్షలూ ఉండాలి.

అపోహ: తల్లిపాలు ఇవ్వకూడదు, సిజేరియన్ చేయించుకోవాలి.

వాస్తవం: రెండూ తప్పే. టెనోఫోవిర్ వాడుతున్నా పాలివ్వొచ్చు. పుట్టిన 24 గంటల్లోపు టీకా, వీలైతే 12 గంటల్లోపు ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను అడ్డుకునే సిద్ధంగా ఉన్న యాంటీబాడీల) ఇంజెక్షన్ బిడ్డకు పడాలి.

డిశ్చార్జి రోజునే ఒక పని చేయండి. బిడ్డ టీకా తేదీల పక్కనే తల్లి ఎస్‌జీపీటీ తేదీలూ రాయించుకోండి. బిడ్డను తీసుకొచ్చిన రోజే తల్లి కూడా రక్తం ఇచ్చి వెళ్లొచ్చు.