అమెరికా యూనివర్సిటీ ఎంపిక: చదువా, సోషల్ లైఫా? కొన్ని అపోహలు - వాస్తవాలు

అమెరికాలో చదువుకి అప్లై చేసే పిల్లలకు సలహాలివ్వడం నా వృత్తి. ఏప్రిల్ వచ్చిందంటే చేతిలో మూడు నాలుగు అడ్మిట్లతో ఇంటిల్లిపాదీ దిగుతారు. నాన్న ర్యాంకులు చదువుతాడు, అమ్మాయి ఇన్‌స్టాలో చూసిన క్యాంపస్ గురించి చెబుతుంది. ఇద్దరూ చదువునీ సరదానీ తక్కెడలో చెరో వైపు పెట్టి వాదించుకుంటారు. నన్నడిగితే ఆ తక్కెడతోనే పేచీ. ఎందుకో, నాకు రోజూ వినిపించే మాటలు పట్టుకునే చెబుతాను.

అపోహ: "దానికి పార్టీ స్కూల్ అని పేరుందటండీ. అక్కడికి పంపితే చదువు అటకెక్కినట్టే."

యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, శాంటా బార్బరా పేరు పార్టీ స్కూళ్ల జాబితాల్లో తరచూ నలుగుతుంటుంది. క్యాంపస్‌ని ఆనుకునే ఇస్లా విస్టా అని విద్యార్థుల పేట ఉంది. వారాంతంలో అక్కడ ప్రశాంతంగా నిద్రపోదామంటే కష్టమే. అదే యూనివర్సిటీ ప్రొఫెసర్లు ఇద్దరికి 2000లో ఒకే ఏడాది నోబెల్ వచ్చింది, ఒకరికి ఫిజిక్స్‌లో, మరొకరికి కెమిస్ట్రీలో. నీలి ఎల్ఈడీకి 2014లో నోబెల్ పంచుకున్న షూజీ నకమురా కూడా అక్కడివారే. ఈ జాబితాలకు పేరుపడ్డ ప్రిన్స్‌టన్ రివ్యూకీ ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకీ సంబంధం లేదు. అది విద్యార్థులను సర్వే చేసి ర్యాంకులిచ్చే ప్రైవేటు సంస్థ. వేల మంది చదివే చోట ఎలా బతకాలనుకునేవాడికి అలాంటి జట్టు దొరుకుతుంది.

భయపడాల్సింది ఒక్కటుంది. 21 ఏళ్లు నిండనిదే అమెరికాలో మద్యం కొనకూడదు. మన పిల్లలు 18కే వెళ్తారు. ఇక తాగి బండి నడిపి అరెస్టయితే, కేసు తేలకముందే వీసా రద్దయ్యే ప్రమాదం ఉంది. ఈ మాట తల్లిదండ్రుల ముందే చెప్పేస్తాను, మొహమాటపడను.

అపోహ: "ఎంఐటీ, కార్నెగీ మెలన్ లాంటి చోట్ల అందరూ పుస్తకాల పురుగులే. మనిషన్నవాడు కనబడడు."

కార్నెగీ మెలన్‌లో బగ్గీ అని 1920 నుంచీ నడుస్తున్న పందెం ఉంది. విద్యార్థులే టార్పెడో ఆకారంలో ఇంజిన్ లేని చిన్న బండి కడతారు. లోపల డ్రైవరు బోర్లా పడుకుని తోలాలి, అందుకే పొట్టిగా, తేలిగ్గా ఉన్నవాళ్లకు అక్కడ మహా గిరాకీ. పక్కనున్న షెన్లీ పార్కు రోడ్ల మీద ఎత్తు వచ్చినప్పుడల్లా ఒక్కొక్కరు నెడతారు, పల్లంలో బండి తనంతట తనే దూసుకుపోతుంది. పందెం వసంతంలో జరిగే కార్నివాల్‌లోనే అయినా, ప్రాక్టీసు కోసం ఎన్నో శని, ఆదివారాలు తెల్లవారకముందే లేవాలి. బేరింగులు, చక్రాలు, బాడీ డిజైను, అంతా వాళ్ల పనే. దీన్ని చదువు ఖాతాలో వేస్తారా, సరదా ఖాతాలో వేస్తారా? నాకైతే ఇంతవరకూ తేలలేదు.

ఎంఐటీలో హోంవర్కుని పీసెట్ అంటారు. చాలా కోర్సుల్లో దాన్ని నలుగురూ కూర్చుని చర్చించుకోవచ్చు, జవాబు మాత్రం ఎవరిది వాళ్లే రాయాలి. ఎవరితో కలిసి చేశావో వాళ్ల పేర్లు కూడా రాయమంటారు. అంటే హాస్టల్లో పరిచయాలు లేనివాడికి పీసెట్ కూడా కష్టమే. ఫస్టియర్ మొదటి సెమిస్టర్‌లో గ్రేడ్లకు బదులు పాస్/నో రికార్డ్ పద్ధతి పెట్టారు. తప్పిన కోర్సు బయటికిచ్చే ట్రాన్‌స్క్రిప్ట్‌లో, అంటే మార్కుల పత్రంలో, కనబడదు. కొత్త చోట కుదురుకోవడానికి టైము పడుతుందని వాళ్లకీ తెలుసు.

అపోహ: "క్లబ్బులు, మ్యాచ్‌లు అంటూ తిరిగితే చదువుకి టైమెక్కడిది?"

లెక్క వేద్దాం. అక్కడ కోర్సు బరువుని క్రెడిట్లలో కొలుస్తారు. ఒక క్రెడిట్‌కి వారానికి గంట క్లాసు, బయట కనీసం రెండు గంటల సొంత చదువు అనేది అక్కడి ప్రామాణిక లెక్క. 15 క్రెడిట్లు తీసుకుంటే 45 గంటలు. వారానికి 168 గంటలు. రోజూ ఎనిమిది గంటలు నిద్రపోయినా ఇంకా 67 మిగులుతాయి.

మన పిల్లలకు ఇబ్బంది ఆ 67 గంటలతోనే. ఇంటర్‌లో కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో పొద్దున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, మధ్యలో వీక్లీ టెస్టు. ఎప్పుడు చదవాలో వాళ్లకు వాళ్లు నిర్ణయించుకునే అవసరమే రాలేదు. అక్కడ మంగళవారం పదకొండింటికి ఒక క్లాసు, మళ్లీ మూడింటికి ఇంకోటి ఉంటుంది. మధ్యలో ఏం చేశావని అడిగే నాథుడుండడు. నేను చూసినంతలో మొదటి సెమిస్టర్‌లో గ్రేడ్లు పడిపోయినవాళ్లలో పార్టీలకు తిరిగినవాళ్లు తక్కువ. గదిలో ఒంటరిగా కూర్చుని, సందేహాలు అడగడానికి ప్రొఫెసర్ కేటాయించే ఆఫీస్ అవర్స్‌కి వెళ్లడానికి సిగ్గుపడి, పక్కవాడిని అడగలేకపోయినవాళ్లే ఎక్కువ.

అపోహ: "ఎమ్మెస్‌కి వెళ్లేవాడికి సోషల్ లైఫ్ ఎందుకు సార్? రెండేళ్లేగా."

2023-24లో అమెరికాలో ఉన్న 3,31,602 మంది భారతీయ విద్యార్థుల్లో 1,96,567 మంది పీజీ, పీహెచ్‌డీ వాళ్లే. అండర్‌గ్రాడ్స్, అంటే డిగ్రీ (బ్యాచిలర్స్) చదివేవాళ్లు, 36,053 మందే. కాబట్టి మనవాళ్లలో ఎక్కువమందికి ఈ ప్రశ్నే ముఖ్యం.

సెమిస్టర్‌కి సాధారణంగా మూడు కోర్సులు. డబుల్ బెడ్‌రూమ్‌లో నలుగురు తెలుగువాళ్లు, వంటకి వంతులు, పండగొస్తే గుడి. హాయిగానే ఉంటుంది, కాదనను. కానీ లోకం ఆ అపార్ట్‌మెంట్‌తోనే ఆగిపోతే చిక్కు. క్లాసులో మొహం తెలిసినవాడికి టీఏ (టీచింగ్ అసిస్టెంట్) పోస్టు దొరకడం తేలిక. ఇంటర్న్‌షిప్ రిఫరల్ ఇచ్చేది కిందటేడు ప్రాజెక్టులో కలిసి పనిచేసిన సీనియరు. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలు పని చేయవచ్చు కదా, లైబ్రరీ కౌంటరో డైనింగ్ హాలో పట్టుకుంటే డబ్బుతో పాటు ఇంగ్లిష్ జంకూ పోతుంది. అనుమతి లేకుండా బయట గ్యాస్ స్టేషన్లో పని మాత్రం వద్దు. ఎఫ్1 (విద్యార్థి వీసా) స్టేటస్‌కే ముప్పు.

అపోహ: "ఫ్రాటర్నిటీలో చేరకపోతే ఒంటరైపోతారు."

ఫ్రాటర్నిటీలంటే మగపిల్లలు సభ్యులుగా చేరే విద్యార్థి సంఘాలు. వాటి ప్రాధాన్యం క్యాంపస్‌ని బట్టి మారుతుంది. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో ఫ్రాటర్నిటీలు లేనే లేవు. చేరిన ప్రతి అండర్‌గ్రాడ్‌నూ ఏదో ఒక రెసిడెన్షియల్ కాలేజీకి, అంటే హాస్టల్ లాంటి విద్యార్థి బృందానికి, కేటాయిస్తారు, తిండి, ఆటలు, గొడవలు అన్నీ దాంతోనే. డార్ట్‌మత్ కాలేజీలో కథ వేరు, అక్కడ గ్రీక్ హౌస్‌లనే ఇలాంటి సంఘాల హవా గట్టిగా ఉంటుంది.

అపోహ: "వెళ్లి చూడకుండా క్యాంపస్ వాతావరణం ఎలా తెలుస్తుంది?"

అండర్‌గ్రాడ్ అయితే చాలా యూనివర్సిటీలు ఏటా కామన్ డేటా సెట్ అనే పత్రం బయటపెడతాయి. యూనివర్సిటీ పేరుతో కలిపి వెతికితే దొరుకుతుంది. అందులో ఎఫ్ సెక్షన్ తెరవండి. ఎంత శాతం మంది క్యాంపస్ హాస్టళ్లలో ఉంటున్నారు, ఎంతమంది ఫ్రాటర్నిటీల్లో ఉన్నారు అన్నీ ఉంటాయి. హాస్టల్లో ఉండేది పదిహేను, ఇరవై శాతమే అయితే సాయంత్రానికి చాలామంది కార్లెక్కి ఇళ్లకు పోతారన్నమాట. బి సెక్షన్‌లో, మొదటి ఏడాది చేరినవాళ్లలో రెండో ఏడాదికి ఎందరు తిరిగొచ్చారో చూడండి. ర్యాంకు కన్నా నేను ముందు చూసేది ఇదే.

తర్వాత డైనింగ్ హాల్ టైమింగ్స్ చూడండి. శనివారం రాత్రి భోజనం లేకపోతే వారాంతంలో క్యాంపస్ ఖాళీ అవుతుందేమో అని అనుమానించండి. ఆపైన అక్కడ చదువుతున్న మనవాళ్లెవరికైనా ఫోన్ చేసి "క్యాంపస్ ఎలా ఉంది?" అని కాకుండా, "మొన్న మంగళవారం సాయంత్రం ఆరు తర్వాత ఏం చేశావమ్మా, ఎవరితో ఉన్నావు?" అని అడగండి. అండర్‌గ్రాడ్ వాళ్లకు డిపాజిట్ కట్టి సీటు ఖాయం చేసుకోవడానికి చాలాచోట్ల మే 1 గడువు. కట్టిన డిపాజిట్ సాధారణంగా వెనక్కి రాదు కాబట్టి ఈ ఫోన్లన్నీ ఏప్రిల్‌లోనే చేసేయండి.